ఈశామసీహ శబ్దవిమర్శ

లూకా సువార్త రెండవ యధ్యాయమునఁ బండ్రెండవయేట యెరూషలేము దేవాలయములో బోధకుల నడుమఁ గూర్చుండి ప్రశ్నించిన యేసు వృత్తాంతము కలదు. మూడవ యధ్యాయమున నతఁడు బోధ నారంభించునప్పటికి సుమారు ముప్పదియేండ్లవాఁడని చెప్పఁబడినది. నడిమి పదునెనిమిది వత్సరములఁ గూర్చి నాలుగు సువార్తలును దాదాపుగా మౌనము వహించినవి. ఆ కాలమున నతఁడు హిందూదేశమునకు వచ్చి వేదాంతమును బౌద్ధమును నభ్యసించెనని కొందఱు వాదింతురు. సంస్కృతపండితులలోఁ గూడఁ గొందఱు దీనికి భవిష్యపురాణమును సాక్షిగాఁ జూపుచుండుటచే నీ విషయము విచారణీయ మగుచున్నది. పురాణమును సాక్ష్యమునకుఁ దెచ్చినప్పుడు పరీక్షకు లోనగునది యేసు చరిత్రము మాత్రమే కాదు, పురాణప్రామాణ్యము కూడను.

ఈ వాదమునకుఁ బ్రచారము కలిగించినది నికొలాస్ నొటోవిచ్ అను రష్యాదేశీయుఁడు 1894వ సంవత్సరమున ఫ్రెంచిభాషలోఁ బ్రకటించిన గ్రంథము. లడాఖునందలి హేమిస్ బౌద్ధమఠమున ‘ఈసా’ చరిత్రమును దనకుఁ జదివి వినిపించిరని యతఁడు వ్రాసెను. ఈసా పదుమూఁడవయేట వర్తకులతో సింధుదేశమునకు వచ్చి, జగన్నాథము, రాజగృహము, కాశి మొదలగు చోట్ల నుండి, యిరువదితొమ్మిదవయేట స్వదేశమునకు మరలెనని యందలి కథ. ఆ యేఁడే మాక్సుముల్లరు, టిబెట్టు బౌద్ధవాఙ్మయమగు కంజూరు తంజూరుల పట్టికలలో నట్టి గ్రంథము లేదని చూపెను. 1895లో ఆగ్రా కళాశాలాధ్యాపకుఁడగు డగ్లసు హేమిస్ కేగి ప్రధానలామా నడుగఁగా, నట్టి గ్రంథము తా నెఱుఁగనని యాతఁడు చెప్పెను. 1922లో నచ్చటికిఁ బోయిన స్వామి అభేదానందులు మాత్రము గ్రంథము కలదని తెలిపిరి. ఈ సాక్ష్యము నంగీకరించినను గ్రంథసత్త సిద్ధించునే కాని ప్రాచీనత సిద్ధింపదు. టిబెట్టులిపియే క్రీ.శ. 7వ శతాబ్దమునఁ బుట్టినది. హేమిస్ మఠము 17వ శతాబ్దమునాఁటిది.

ఇంక భవిష్యపురాణము. ప్రతిసర్గపర్వమున శాలివాహనుఁడు హిమాలయప్రాంతమున శ్వేతవస్త్రధారియగు నొక పురుషుని జూచి యెవరని యడుగఁగా, నతఁడు తాను కుమారీగర్భసంభూతుఁడగు నీశపుత్రుఁడననియు, మ్లేచ్ఛులకు ధర్మ ముపదేశించితిననియు, ‘ఈశామసీహ’ యను పేరు తనకుఁ గలిగెననియుఁ జెప్పినట్లున్నది. ఇందుఁ గానవచ్చువాఁడు గురుకులవాసము చేయ వచ్చిన బాలుఁడు కాఁడు. ఉపదేశము ముగించిన ప్రవక్త. శాలివాహనశకము క్రీ.శ. 78లో నారంభమైనది. యేసు శిలువపాటు క్రీ.శ. 30 ప్రాంతమున జరిగినది. కాఁబట్టి యీ కథను యథాతథముగా నమ్మినను బూర్వోక్త పదునెనిమిది వత్సరములకు దీనితో సంబంధము లేదు.

శబ్దస్వరూపమును బరీక్షించిన గ్రంథకాలము కూడ బయటఁబడును. ‘ఈశ’ శబ్దము ఐశ్వర్యార్థకధాతుజన్యమని, యేసు నామము దానినుండియే వచ్చెనని కొందఱందురు. ధ్వనిసామ్యము వ్యుత్పత్తికిఁ బ్రమాణము కాదు. హీబ్రూభాషలోని ‘యేషూఅ’ నామము రక్షణార్థకధాతువునకు సంబంధించినది. అదియే గ్రీకున ‘యేసూస్’ అయినది. అరబ్బీభాషలో ఖురానునందు ‘ఈసా’ యను రూపము కలదు. తెనుఁగునను క్రైస్తవులు యేసనియు, ముస్లిములు ఈసా యనియు వ్యవహరింతురు.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. కేరళమునందలి ప్రాచీనక్రైస్తవులు సురియానీ సంప్రదాయము ననుసరించి ‘ఈశో’ యందురు. పురాణమునందలి ‘ఈశా’ దానివికార మేల కారాదు? కారాదనుటకు రెండవపదమే సాక్షి. అభిషిక్తార్థకమగు నా పదము సురియానీభాషలో ‘మ్షీహా’, కేరళమున ‘మిశిహా’. రెంటను ఊష్మము దంత్యసకారము కాదు. అరబ్బీయందు మాత్రమే యది ‘మసీహ్’ అని దంత్యసకారముతోను, మకారముపై నకారస్వరముతోను నున్నది. పురాణమున నున్నది ‘మసీహ’యే. కావున నీ నామద్వయము అరబ్బీ పారసీకముల ద్వారమున వచ్చి, పూర్వపదము మాత్రము ఈశశబ్దసామ్యమునకై శకారము పొందినది. అట్టి రూపము క్రీస్తు తొలి శతాబ్దముల సంస్కృతగ్రంథమున నుండుట పొసఁగదు. ఆ పర్వముననే రవివారమునకు ‘సండే’, ఫాల్గునమునకు ‘ఫర్వరీ’, షష్టికి ‘సిక్స్టీ’ యను పర్యాయములు కానవచ్చుచున్నవి. 1897లో బొంబాయి వేంకటేశ్వర ముద్రాలయమువారు ప్రకటించిన యీ పాఠమున ఆంగ్లప్రభుత్వకాలపు చేయి స్పష్టము.

వాదులు తుదకు అర్థాపత్తి నాశ్రయింతురు. పగలు తినని దేవదత్తుఁడు బలిసియున్నచో రాత్రిభోజనమును గల్పింపవలసినట్లు, చదువని వడ్లవానికి జ్ఞానము కలిగినచో విదేశవిద్యను గల్పింపవలెనఁట. అన్యథా ఉపపన్నమగుచో అర్థాపత్తికిఁ దావు లేదు. లూకా నాలుగవ యధ్యాయమున నజరేతు అతఁడు పెరిగిన యూరనియు, విశ్రాంతిదినమున సమాజమందిరమునకుఁ బోవుట యతని వాడుక యనియుఁ గలదు. అతఁ డెత్తినవి మోషే ధర్మశాస్త్రము, యెషయా ప్రవక్త వాక్యములు. అతని దృష్టాంతములు విత్తువాఁడు, వల, ద్రాక్షతోఁట. మార్కు ఆఱవ యధ్యాయమున నూరివారు, వడ్లవానికి నీ జ్ఞాన మెక్కడిదని విస్మయ మొందిరి. అతఁడు పదునాఱేండ్లు పరదేశమునఁ జదివి వచ్చియుండినచో నా ప్రశ్నకు సమాధానము వారి నాలుకపైననే యుండెడిది. ఎదుటివారి యాశ్చర్యమే వాదమును ఖండించుచున్నది.

స్వదేశాభిమానము దోషము కాదు. దానికై దుర్బలహేతువును బట్టుట దోషము. పాఠశాలలలో నీ కథను జరిత్రముగాఁ జెప్పెడి పండితుఁడు, రేపు విద్యార్థి ‘సండే’ శబ్దమును జూపి పురాణమంతయు నసత్యమా యని యడిగినచో నేమి చెప్పఁగలఁడు? భవిష్యపురాణమునఁ బ్రాచీనభాగములును గలవు. తాళపత్రప్రతులఁ బోల్చి వానిని నవీనప్రక్షేపములనుండి వేఱుచేయుట పండితులు చేయఁదగిన పని. యేసు యౌవనమును గూర్చి సువార్తలు చెప్పనిదానిని చెప్పనిదిగానే విడుచుట న్యాయము.