ఎప్పుడు పరుగెత్తొచ్చు సార్?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకున్న కుర్రాడు చీకటి పడేదాకా లేవడు. పోలీసు ఉద్యోగానికి చదివేవాడైతే, ప్రిలిమ్స్ ఫలితం వచ్చిన మర్నాడే కొత్త బూట్లు కొనుక్కుని ఇందిరా పార్కు దారి పడతాడు. 2022 నోటిఫికేషన్ లెక్కన మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఏడాదిపాటు కుర్చీకి అతుక్కున్న కాళ్లతో కొన్ని వారాల్లో ఆ పని చేయించాలి. రెండో వారానికల్లా మోకాలి కింద, ముందు ఎముక సలపడం మొదలవుతుంది. అశోక్‌నగర్ రూమ్మేటు స్ప్రే ఇస్తాడు, మందుల షాపువాడు బిళ్ల ఇస్తాడు, డాక్టరేమో "రెస్టు తీసుకో" అంటాడు. కుర్రాడి దగ్గర లేనిది ఆ రెస్టే.

వీణ్ని క్రీడాకారుడని ఎవరూ అనరు. కానీ స్పోర్ట్స్ మెడిసిన్‌లో మూడేళ్ల ఎండీ చదువు సారమంతా ఇలాంటివాడు అడిగే ఒక్క ప్రశ్నలో ఉంది: "ఎప్పుడు పరుగెత్తొచ్చు సార్?"

ఆటల వైద్యానికి అంతర్జాతీయ సంఘం 1928లో సెయింట్ మోరిట్జ్ శీతాకాల ఒలింపిక్స్ సమయంలో పుట్టింది. మన దేశంలో పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) పీజీ డిప్లొమా పాతది. తర్వాత ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలాంటి చోట్ల ఎండీ కూడా వచ్చింది. పాఠాల్లో వ్యాయామ శరీరధర్మశాస్త్రం, పోషణ, మనస్తత్వం, డోపింగ్ నియమాలు, మైదానంలో అత్యవసర చికిత్స అన్నీ ఉంటాయి. థీసిస్, లాగ్‌బుక్ సరేసరి. వీటన్నిటికంటే ముందు పదునెక్కాల్సింది మాత్రం చెయ్యి.

ఆ కుర్రాడి కాలే చూడండి. నేర్చిన డాక్టరు ముందు బాగున్న కాలు పట్టుకుంటాడు, తేడా తెలియాలిగా. తర్వాత బొటనవేలితో ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందికి అంగుళం అంగుళం నొక్కుతూ వస్తాడు. బెత్తెడు పొడవునా నొప్పి పరుచుకుని ఉంటే ఎముక పైపొర, దాన్ని అంటిన కండరాలు ఒత్తిడికి అలిసిపోయాయని అర్థం. పరుగు తగ్గించి, పిక్కలకు బలం పెంచుకుంటూ నెట్టుకు రావచ్చు. అలా కాక ఒక్క వేలి కిందే "అబ్బా" అని కాలు లాక్కున్నాడా, స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానం. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది తరచూ కనిపించదు, ఎమ్మారై చూడాలి. ఎక్స్‌రే బాగుందని పరుగెత్తమనే డాక్టరుకీ, వేలిని నమ్మి ఆపే డాక్టరుకీ మధ్య తేడాయే ఈ చదువు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పీవీ సింధు వెంటనే ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైంది ఎడమ కాలి స్ట్రెస్ ఫ్రాక్చర్ వల్లే.

వేలి నేర్పు మనకు కొత్తది కాదు. పుత్తూరు కట్టు కట్టేవాళ్లు తరతరాలుగా తడిమి చూసి, ఆకుపసరు, గుడ్డు తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుడుతున్నారు. ఆ చేతి నేర్పును చులకన చెయ్యలేను. అయితే ఏ కట్టయినా, పిండికట్టయినా సరే, మరీ బిగిస్తే రక్తప్రసరణ ఆగుతుంది. పసరు కట్టినంత మాత్రాన మోకాలి లోపలి లిగమెంటు తెగిందో లేదో తెలియదు. దానికి మోకాలిని 20, 30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ పట్టి, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగి చూడాలి. తెగని లిగమెంటు టక్కున ఆపుతుంది. తెగిందైతే ఎముక జారుతూ వస్తుంది, ఆపేదేదీ చేతికి తగలదు. ఈ తేడా పుస్తకంలో చదివితే రాదు, వందల మోకాళ్లు పట్టుకోవాలి. అందుకే పీజీ విద్యార్థి లాగ్‌బుక్‌లో లెక్క రాయించేది.

తర్వాతి నేర్పు, అడగడం. హాస్టల్ అమ్మాయి కాలినొప్పితో వస్తే ఎముక సంగతి అయ్యాక, పొద్దున ఏం తింటున్నావు, నెలసరి సరిగ్గా వస్తోందా అనీ అడగాలి. పరుగుకు తగ్గ తిండి లేకపోతే ఒంట్లో హార్మోన్లు తగ్గి ఎముక బలహీనపడుతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ప్రత్యేకంగా పేరే పెట్టింది. తిండి సంగతి అడగడానికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు, ఐదు నిమిషాల ఓపిక చాలు. ఆ ఓపికే మన ఓపీల్లో కరువు.

మైదానంలో మాత్రం ఓపిక పనికిరాదు. ఎండలో పరుగెత్తి, మాట తడబడి కూలినవాడి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే, ముందు మంచునీళ్లలో ముంచి చల్లార్చాలి, ఆంబులెన్సు తర్వాత. ఈ వరస తారుమారైతే ప్రాణం దక్కకపోవచ్చు.

మందు రాసేటప్పుడూ జాగ్రత్తే. నారాయణగూడ వైఎంసీఏలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లకు జలుబు చేస్తే ఇచ్చే కొన్ని మామూలు బిళ్లల్లో ఉండే సూడోఎఫెడ్రిన్, రేపు ఆ పిల్ల జాతీయ పోటీకి వెళ్లినప్పుడు మూత్రంలో మోతాదు దాటితే నిషిద్ధం. 2022 జనవరి నుంచి పోటీల సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కీలుకు ఇచ్చినా నిషిద్ధమే.

నోటిఫికేషన్ కోసం చూస్తున్న అశోక్‌నగర్ మిత్రులకు ఒక మాట. పరుగు ఈ వారమే మొదలుపెట్టండి, నడుస్తూ, మధ్యలో రెండు నిమిషాలు జాగింగ్ చేస్తూ. ఎముక మీద ఒక్క వేలంత చోట నొప్పి పుడితే మాత్రం ఆ రోజుకు ఆపి, మర్నాడు డాక్టరుకు కాలు చూపించండి.