గాయకుడు లేని కచేరీ

ఘంటసాల వెంకటేశ్వరరావు కచేరీ అని అట్టమీద అచ్చువేసిన వీడియో డిస్కు వొకటి గాండ్లపెంటలో మిత్రుని యింట ఆసాంతం చూశాను. నూటికి తొంభై పాళ్ళు సినిమా తునకలే. రామారావు, నాగేశ్వరరావు పెదవులు కదుపుతారు. పాడినవాని ముఖం కనిపించదు. 1960 నాటి ‘శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యం’లో ఆయన స్వయంగా తెరమీదికి వచ్చి పాడిన ఘట్టం వున్నది కనుక, ఆ మాత్రమైనా మనిషిని చూడగలిగాం.

యీ యెంపిక అమాయకమైనది కాదు. మిగిల్చింది భక్తుణ్ణి. విజయనగరంలో మాధుకరం యెత్తుకుని సంగీతం నేర్చిన పేదవాడు, 1942లో క్విట్ ఇండియా వుద్యమంలో జైలుకు వెళ్ళిన యువకుడు యిందులో లేరు. ‘వెలుగు నీడలు’ (1961) కోసం శ్రీశ్రీ రాసిన పాటకూ చోటు దొరకలేదు. భగవద్గీత మాత్రం నిండుగా వున్నది. జనం అడిగేది అదే గదా అంటాడు వ్యాపారి. వేరేది చూపిస్తే గదా అడగడం!

అంతకంటె పెద్ద నష్టం పద్యానికి జరిగింది. నాటకరంగంమీద పద్యమంటే రాగం సాగదీయడమే అయిన రోజుల్లో, ఆయన రాగాన్ని భావానికి లోబరచాడు. పదం విరిచి, అర్థం తెలిసేటట్టు పాడాడు. చదువురాని వాళ్ళ నోట కూడా కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ నిలిచిందంటే కారణం యిదే. పద్యం పండితుల సొత్తు కాదని తరగతిలో నేను గంటసేపు చెప్పేదాన్ని ఆ గ్రామఫోను రికార్డు నిమిషాల్లో రుజువు చేస్తుంది. డిస్కు తయారుచేసినవారు దాన్ని సగంలో కోసి, మీద పూలతోట బొమ్మలు అతికించారు.