ప్రవాస కౌమారం: పాఠకుల తీర్పులు

ఝుంపా లాహిరి రచించిన ‘ది నేమ్‌సేక్’ నవల 2003లో వెలువడినది. అమెరికాలో స్థిరపడిన ఒక వంగ దంపతుల కుమారుడు పుట్టిననాటి నుండి ముప్పది రెండేండ్ల ప్రాయం వరకు పెరిగిన తీరు ఇందులోని కథ. రచయిత్రి 1999లో ప్రచురించిన కథాసంపుటికి 2000లో పులిట్జర్ బహుమానం లభించి ఉండడంచేత, ఈ తొలి నవలను రెండు ఖండాల పాఠకులు ఆతురతతో అందుకొన్నారు. మెచ్చినవారు ఉన్నారు, ఆక్షేపించినవారూ ఉన్నారు. అయితే మెప్పుకూ ఆక్షేపణకూ మూలమైన ప్రశ్న ఒక్కటే: ఇది మా బ్రతుకేనా? నవలను బోనెక్కించి వాఙ్మూలం పుచ్చుకొనే హక్కు పాఠకునికి లేకపోలేదు. కాని విచారణ అక్కడితో ముగిసినట్లయితే, ఈ నవలలోని ముఖ్యవిషయం ఎవరి చేతికీ చిక్కకుండా పోతుంది.

కలకత్తా పాఠకులలో పలువురు నగరచిత్రణ పలుచగా ఉన్నదన్నారు. చుట్టపుచూపుగా వచ్చినవారికి కనబడే నగరమే తప్ప, అక్కడ పుట్టి పెరిగినవారి నగరం ఇందులో లేదన్నారు. మాట నిజమే. కాని ఆ నగరాన్ని చూస్తున్నది కౌమారంలో ఉన్న బాలుడు. ఎనిమిది నెలలపాటు తల్లిదండ్రుల వెంట బంధువుల ఇండ్లలో మసలి, తిరుగు ప్రయాణానికి ఎదురుచూచిన పిల్లవాని కంటికి అంతకంటె చిక్కని నగరం కనబడితేనే అది దోషమయ్యేది. అమెరికాలో పుట్టిన భారతీయుల బిడ్డలు పుస్తకాన్ని తమ జీవితచరిత్ర వలె గుండెలకు హత్తుకొన్నారు. ఇతర అమెరికన్ పాఠకులకు అన్నప్రాశనలు, విందులు, వివాహతంతులు ఒక పరాయి సంఘాన్ని పరిచయం చేసే సమాచారంగా ఉపకరించినవి. మీరా నాయర్ 2006లో తీసిన చలనచిత్రం కూడ ఒక విధమైన పఠనమే. బోస్టన్ ప్రాంతపు కథను ఆమె న్యూయార్కుకు తరలించి, తల్లిదండ్రుల దాంపత్యానికి కొడుకు కథతో సరితూగే ప్రాధాన్యం కల్పించింది.

పాఠకుడు నిలబడిన చోటును బట్టి తీర్పు ఎట్లా మారుతుందో గ్రహించడానికి కలకత్తాకు ఈశాన్యాన వెలసిన న్యూ టౌన్ మంచి ఉదాహరణ. నవలలోని కలకత్తా ఆమ్‌హర్‌స్ట్ వీధిది, ఆలీపూరుది. కథ 2000 సంవత్సరంతో ముగుస్తుంది. న్యూ టౌన్ నిర్మాణానికి బాధ్యత వహించిన ‘హిడ్కో’ సంస్థ ఏర్పడినది 1999లో. రాజార్‌హాట్ పొలాల మీద, చిత్తడినేలల మీద ఆకాశహర్మ్యాలు లేచినవి. ఈలోగా 2001లో నగరం పేరే అధికారికంగా కోల్‌కతాగా మారినది. పేరు మార్చుకొన్న బాలుని కథలో నగరం మాత్రం పాత పేరుతోనే నిలిచిపోయినది! ఆ హర్మ్యాలలో బిడ్డలను విదేశాలకు పంపి ఒంటరిగా కాలం గడుపుతున్న వృద్ధదంపతులు ఉన్నారు. వారి కంటికి ఈ నవలలోని అషిమా దూరాన ఉన్న కుమార్తె. గోగోల్ తమ మాట సగమే అర్థమయ్యే మనుమడు. అషిమా అమ్మమ్మ ముని మనుమనికి పేరు వ్రాసి పంపిన ఉత్తరం దారిలో తప్పిపోవడం నవలకు బీజం. దృశ్య సంభాషణల ఈ కాలంలో ఉత్తరాలు తప్పిపోవు. ఐనను ఏ మాట చేరవలసిన చోటికి చేరడం లేదో ఆ వృద్ధులకు తెలుసును.

ఇన్ని తీర్పులలోను సామాన్యంగా వినబడేది ‘రెండు సంస్కృతుల సంఘర్షణ’ అన్న మాట. అది ఈ నవలకు అతకదు. బాలుణ్ణి బాధించే పేరు వంగ నామం కాదు, అమెరికన్ నామమూ కాదు. అది ఒక రష్యన్ రచయిత ఇంటిపేరు. 1961లో జరిగిన రైలు ప్రమాదంలో తండ్రి అశోక్ ప్రాణాలతో బయటపడినాడు. చేతిలోని గోగోల్ కథ ‘ఓవర్‌కోటు’ పుట రక్షకుల కంట పడడమే అందుకు కారణం. కొడుకు పదునాలుగవ జన్మదినాన అశోక్ గోగోల్ కథల సంపుటిని బహూకరించి, ఆ వృత్తాంతం చెప్పబోయి ఆగిపోతాడు. పుట్టినరోజున మృత్యువు ప్రసక్తి ఎందుకని అతని సంకోచం. కుర్రవాడు పాటలు వింటూ పుస్తకాన్ని పక్కన పడవేస్తాడు. తరువాత తరగతిలో ఉపాధ్యాయుడు రచయిత గోగోల్ దుఃఖమయ జీవితాన్ని వర్ణిస్తూ ఉంటే సిగ్గుతో కుంచించుకుపోతాడు. పదునెనిమిదవ ఏట న్యాయస్థానానికి వెళ్లి నిఖిల్‌గా మారుతాడు. తండ్రి నోరు విప్పి సంగతి చెప్పేసరికి ఆ పేరు రికార్డుల నుండి తొలగిపోయినది.

ఈ కౌమార దుఃఖానికి మూలం వలస అనడంకంటె తండ్రి మౌనం అనడం సముచితం. వలస ఆ మౌనాన్ని మరింత చిక్కబరచినది. స్వదేశంలో ఐతే తండ్రి చెప్పని సంగతిని ఏ మేనత్తయో, వాకిట కూర్చున్న ముసలివారో చెప్పి ఉందురు. ప్రవాస గృహంలో అటువంటి మూడవ నోరు లేదు. పిల్లల కృతఘ్నతను నిందించే వృద్ధ పాఠకుడు, తల్లిదండ్రుల మూఢత్వాన్ని నిందించే యువ పాఠకుడు చెరి సగమే చదివినారు. తలుపు దగ్గర నిలబడి తండ్రి మింగివేసిన మాట ఆ రెండు సగాలనూ కలిపే సంధి.

తెలుగు పాఠకునికి ఇది సులభంగా అందవలసిన విషయం. వంగదేశంలో పిలుపు పేరు వేరు, లోకానికి చెప్పే పేరు వేరు. పెద్దల పేర్లు పిల్లలకు పెట్టడం తమ ఆచారం కాదని నవలలోని తల్లిదండ్రులు భావిస్తారు. మన ఇండ్లలో మనుమనికి తాత పేరు పెట్టి, మామగారి పేరు కోడలు ఉచ్చరించరాదు గనుక మరొక పేరుతో పిలుచుకొనడం కద్దు. పేరు మోయడమంటే ఒకరి బ్రతుకును మోయడమని మనకు వేరుగా బోధించనక్కరలేదు. ‘చివరకు మిగిలేది’లో దయానిధి మోసినది తల్లిని గూర్చిన అపవాదును. ‘అంపశయ్య’లోని రవి సముద్రం దాటలేదు, పల్లె నుండి విశ్వవిద్యాలయానికి వచ్చి పరాయివాడైనాడు.

నవలలో లోపాలు లేవని కాదు. కౌమారం దాటిన తరువాతి ప్రణయ ప్రకరణాలలో కథనం సన్నివేశాన్ని విడిచి సంగ్రహాన్ని ఆశ్రయించినది. వస్తువుల పట్టికలు మనసును వర్ణించే పనిని కాజేసినవి. ప్రొఫెసరుగారి ఇంట ధనకృత క్లేశం అడుగుపెట్టదు. రాజార్‌హాట్‌లో పొలం పోయిన రైతు కుమారుడు ఉన్న ఊరిలోనే పరాయివాడై పెరిగినాడు. అతని కౌమారం కూడ ప్రవాసమే అని ఈ కోవ నవలలు గుర్తించవు.

అన్నిటికంటె సూక్ష్మమైన లోపం భాషకు సంబంధించినది. తల్లిదండ్రులు వంగభాషలో పలుకుతారు, పిల్లలు ఇంగ్లీషులో బదులిస్తారు. ఆంగ్ల పుటలో ఉభయుల మాటా ఒకే రంగు పులుముకొన్నది. ఇంటిలోని అగాధం అచ్చులో చదునైపోయినది. తెలుగులోకి తెచ్చే అనువాదకుడు ఈ భేదాన్ని పునరుద్ధరింపవచ్చును: తల్లి మాటకు ఇంటి తెలుగు, కొడుకు మాటకు ముక్తసరి, అతుకుల తెలుగు. చక్రపాణి మొదలైనవారి అనువాదాల మూలంగా శరత్‌బాబును తమవాడనుకొన్న తెలుగువారికి ఈ కుటుంబం పరాయిది కానేరదు.

తెలుగు రచయితలకు దీనితో పని ఉన్నది. ప్రవాస జీవితం మీద మన భాషలో వచ్చే రచనలు అధికంగా తల్లిదండ్రుల వైపునుండి వ్రాసినవి. అక్కడ పెరిగిన బిడ్డ వ్రాయదలచుకొంటే సహజంగా ఇంగ్లీషులోనే వ్రాస్తాడు. కనుక తెలుగు నవలలో ఆ బిడ్డ చాలమట్టుకు అభియోగానికి గురైన పాత్రగానే మిగిలిపోతున్నాడు. ఇంటివద్ద పాఠకుడు బెంగను కోరుతాడు, బయటి పాఠకుడు సమాచారాన్ని కోరుతాడు. రచయిత ఈ రెండు కోరికలనూ కాదని ఆ పిల్లవాని గదిలోనికి వెళ్లవలసి ఉన్నది. అశోక్ గడప దగ్గర ఆగిపోయినాడు. చివరకు గోగోల్ ఆ పుస్తకాన్ని తెరిచేనాటికి, ఇచ్చిన తండ్రి బ్రతికి లేడు. తెలుగు నవల అంతవరకు వేచి ఉండనక్కరలేదు.