"అమ్మకు చెప్పకండి టీచర్"

అవి మార్చి నెల ఒంటిపూట బడుల రోజులు. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి మాత్రం రోజూ స్వెట్టర్‌తోనే వచ్చేది. "ఈ ఎండల్లో ఏంటమ్మా అది? ఏదీ, చెయ్యి చూపించు" అన్నాను, నలభై మంది ముందు. చూపించింది. తనంతట తను చేసుకున్న గాయాలు. అప్పుడు నా మొహం ఎలా మారిందో ఆ పిల్లకే తెలుసు. మర్నాటి నుంచి వారం రోజులు బడికి రాలేదు.

"అందరూ చూడాలని చేస్తారండీ" అనే మాట స్టాఫ్ రూమ్‌లో ఇప్పటికీ వింటుంటాను. చూడాలనే అయితే స్వెట్టర్ ఎందుకు? అవమానమో, కోపమో మనసులో పేరుకుపోయి ఊపిరాడనప్పుడు, కాసేపు తెరిపి దొరుకుతుందని ఒంటిని గాయపరచుకుంటారు. ప్రతిసారీ చావాలనే కాదు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు, ఈ పిల్లల్లో ఆత్మహత్య ముప్పు ఎక్కువే. అందుకే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

ఇప్పుడైతే అలాంటి పిల్లల్ని పక్కకు పిలిచి మాట్లాడతాను. గాయం ఉంటే ముందు దానికి కట్టు. "ఎందుకు చేశావ్?" అనను, "ఈమధ్య కష్టంగా ఉంటోందా?" అంటాను. ఆ తర్వాత మాట వాళ్లది. ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వేయించుకోను. ఆ ఒట్టు తప్పిన రోజు నాకూ చెప్పడం మానేస్తారు. "అమ్మకు చెప్పకండి టీచర్" అని చేతులు పట్టుకుంటారు. అక్కడ అబద్ధమాడి గెలవకూడదు. "చెప్పాల్సిందేనమ్మా. ఎలా చెప్పాలో ఇద్దరం కూచుని అనుకుందాం" అంటాను. భయం ఇంట్లోనే ఉందని తెలిస్తే దారి వేరు, అప్పుడు పిల్లల సహాయవాణి 1098.

అసెంబ్లీలో ఉపన్యాసం మాత్రం వద్దు. గాయాల కబుర్లు పిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి.

విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక విద్యార్థిని మరణించిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు వందమందికి తగ్గకుండా విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలంది. ఆ కుర్చీలో మనిషి కూచునేదాకా ఊరుకోలేం కదా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 రాత్రీ పగలూ తెలుగులో పలుకుతుంది. ఆ నంబరు మా తరగతి గోడమీద, పిల్లలకు అందే ఎత్తులో రాశాను.

ఆ అమ్మాయి తిరిగొచ్చాక, నలుగురిలో అడిగినందుకు క్షమించమన్నాను. ఏమీ అనలేదు. స్వెట్టర్ సంగతి ఎవరూ ఎత్తకుండా చూశాను. ఆఖరి పరీక్ష రోజు ఉక్కపోతగా ఉంది. పేపరు ఇస్తూ స్వెట్టర్ చేతులు మోచేతి దాకా పైకి లాక్కుంది. నేను పేపరే చూస్తూ తీసుకున్నాను.