చావుకు కారణం అడిగే నవల

అపరాధ పరిశోధక నవల అనగానే మనలో చాలామంది పెదవి విరుస్తారు. ప్రయాణంలో కాలక్షేపానికో, నిద్రపట్టని రాత్రికో పనికివచ్చే సరుకని తీసిపారేస్తారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను తెలుగునాట ఒక తరమంతా అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని ఆబగా చదివింది. సాహిత్య చర్చల్లో మాత్రం ఆయన పేరు వినబడేది తక్కువ. ఈ చిన్నచూపు ఎంతవరకు సబబు? ఖతార్‌లో స్థిరపడిన ఒక రచయిత్రి నవలను ముందు పెట్టుకుని ఈ సంగతి విచారిద్దాం.

ఆమె పేరు మోహనలక్ష్మి రాజకుమార్. భారతీయ మూలాలున్న అమెరికన్. 2005లో ఖతార్ చేరారు. అంతవరకు సరదాగా సాగిన రాత, ఆ ఎడారి దేశంలోనే తనకు పూర్తికాలపు వృత్తిగా మారిందని ఆమె చెప్పుకున్నారు. 2012లో వచ్చిన ‘లవ్ కమ్స్ లేటర్’ ప్రేమకథ. భార్యను పోగొట్టుకున్న ఖతారీ యువకుడు, అతనికి నిశ్చయమైన మేనరికపు వధువు, లండన్‌లో ఆ వధువుతో కలిసి ఉండే భారతీయ యువతి అందులో ముఖ్యపాత్రలు. ఏ దేశపు జీవితాన్ని చూసి రాశారో ఆ దేశంలోనే ఆ పుస్తకం అమ్మకానికి అనుమతి దొరకలేదు. కాలక్షేపం నవలకు ఎవరూ భయపడరన్న మాట నిజం కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

2015లో వచ్చిన ‘ది మైగ్రెంట్ రిపోర్ట్’ అపరాధ పరిశోధక నవల. ఆశించిన పదవి అందక, చిన్న పనికి దిగవలసి వచ్చిన అలీ అనే పోలీసు అధికారి, పత్రికారచన చదువుకునే మరియం అనే స్థానిక యువతి, కుటుంబాన్ని పోషించుకోవడానికి వలస వచ్చిన మను అనే నేపాలీ కూలీ ఇందులో కనిపిస్తారు. కూలీల బస్తీల చీకటి బతుకే ఇతివృత్తం.

ఈ ఇతివృత్తానికి డిటెక్టివ్ నవల చట్రమే ఎందుకు కావలసివచ్చింది? నా ఉద్దేశంలో ఆ ప్రక్రియ మొత్తం ఒకే ఒక్క నమ్మకం మీద నిలబడింది. శవం ఎవరిదైనా సరే, ఆ చావుకు ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలన్నదే ఆ నమ్మకం. మొదటి పేజీలో ప్రాణం పోతే చివరి పేజీలోగా కారణం తేలాలి. ఎంత నాసిరకం రచయిత అయినా ఈ బాకీ ఎగవేయడు. నిజజీవితంలో ఈ బాకీ ఎంతమందికి తీరింది?

ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల నిర్వహణ 2010లో ఖతార్‌కు దక్కింది. ఆ తర్వాత పదేళ్లలో భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా వలసజీవులు అక్కడ మరణించారని 2021లో బ్రిటన్‌కు చెందిన గార్డియన్ పత్రిక రాసింది. ఇవన్నీ స్టేడియం పనుల్లో పోయిన ప్రాణాలు కావు. అన్ని రకాల మరణాలూ కలిసిన లెక్క. అయితే ఎన్నో మరణాలకు ‘సహజ మరణం’ అనో, ‘గుండె ఆగిపోవడం’ అనో రాసి కాగితం మూసేశారు. ఎర్రటి ఎండలో పనిచేసిన పడుచువాడి గుండె ఎందుకు ఆగిందో సరిగా విచారించలేదని ఆమ్నెస్టీ సంస్థ కూడా అదే ఏడాది తప్పుపట్టింది. గుండె ఆగకుండా ఎవరు పోతారు? అది కారణం కాదు, చావుకు మరో పేరు. కాగితం మూసిన చోట నవల తెరుచుకుంటుంది. ఈ రచన విలువ అక్కడే ఉంది.

ఇక లోపం సంగతి. ఇక్కడ ప్రశ్న అడిగే అధికారం పోలీసుది, చదువుకున్న అమ్మాయిది. కూలీ బాధపడతాడు; దర్యాప్తు చేయడు. రచయిత్రి పరిశోధనకు ఉన్న హద్దే ఇది. ఎన్నేళ్లు ఆ దేశంలో ఉన్నా, విశ్వవిద్యాలయాల లోకానికీ కూలీల బస్తీకీ మధ్య దూరం దూరమే. మలయాళ రచయిత బెన్యామిన్ బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సౌదీలో గొర్రెల మందల మధ్య చిక్కుకుపోయిన ఒక మనిషి అనుభవాన్ని అతని నోటనే విని, 2008లో ‘ఆడుజీవితం’ రాశారు. అందులో కథ చెప్పేది ఆ కాపరే. ఆ గొంతు తెచ్చిన బలం మరో దారిలో రాదు.

తెలుగులో ఈ పని జరగవలసినంత జరగలేదు. మన జనరంజక రచయితలకు చేతకాక కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’లో ఉరిశిక్ష రద్దు అనే గంభీర విషయాన్ని ఊపిరి బిగబట్టి చదివే కథగా మలిచారు. జనరంజకమైన రచన ఎలా చేయాలో చెప్పడానికి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. ఉత్కంఠ నడపడం మనకు తెలుసు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవారికీ, అక్కడి నుంచి పెట్టెలో తిరిగి వచ్చినవారికీ కొదవ లేదు. ఆ రెండూ ఒక పుస్తకంలో కలవవలసినంతగా కలవలేదు.

ఈ విషయం మనకెందుకు అంటారా? మలయా తోటలకు మన తాతలు మొదట ఒప్పంద కూలీలుగా, తర్వాత కంగాణీల వెంట వచ్చారు. ఒప్పంద పద్ధతి 1910లో ఆగింది. కంగాణీ వలసలకు 1938లో తెరపడింది. ఖతార్‌లోనేమో 2018లో చాలామంది కార్మికులకు దేశం విడిచి వెళ్లడానికి యజమాని అనుమతి అక్కర్లేకుండా చేశారు. ఉద్యోగం మారడానికి పాత యజమాని ఒప్పుకోవాలన్న నియమాన్ని 2020లో తీసేశారు. చట్టాలు మారాయి, మంచిదే. కాని చట్టం మారకముందు పోయినవారి చావుకు కారణం ఎవరు రాస్తారు? చలిజ్వరంతో తోటల్లో రాలిపోయిన మనవాళ్లు ఎందరికో పేరు కూడా మిగలలేదు. వారి తరఫున ప్రశ్న అడిగే పోలీసు అధికారి కథలో సైతం పుట్టలేదు.

మన యువకుల్లో కథలు రాయాలన్న ఉబలాటం ఉన్నవారు ప్రేరణ ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు. తోటల పాత రికార్డులు వెదకండి. ఇంట్లో మిగిలి ఉన్న పెద్దల పక్కన కూర్చుని, చావులు ఎలా జరిగాయో, ఎవరు ఏమని రాసుకున్నారో అడగండి. విన్నదాన్ని డిటెక్టివ్ నవలగా రాసినా నామోషీ ఏమీ లేదు. దర్యాప్తు చేసే పాత్రను మాత్రం కూలీల లైన్లలో నుంచే తీసుకోండి.