అచ్చులో గాలి, గాలిలో తేమ

కూడళ్లలో నాయకుల విగ్రహాలు, గుడి గోపురాల మీది బొమ్మలు, పాత ఇనుప నట్లూ బోల్టులతో కూర్చిన భారీ రూపాలు: వీటికి తెనాలి పెట్టింది పేరు. కంచు ఖరీదు భరించలేని కమిటీలు రెజిన్, గాజుపీచు కలిసిన ఫైబర్ విగ్రహం చేయించుకుంటాయి. తేలిక, చవక, తుప్పు భయం లేదు. కానీ కృష్ణా డెల్టాలో రెజిన్‌తో పనిచేసేవారికి అసలు పేచీ గాలితోనూ తేమతోనూ.

ముందు బంకమట్టితో రూపం చేస్తారు. పోలిక కుదిరిందనిపించాక దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ముక్కలుగా అచ్చు తీస్తారు. అచ్చు లోపల మైనం రుద్ది, జెల్‌కోట్ పూసి, గాజుపీచు మ్యాట్ పరిచి, పాలియెస్టర్ రెజిన్‌తో తడుపుతూ పొరలు వేస్తారు. మొదటి బెడద బుడగలు. ఈ పద్ధతిలో అవి పుట్టేది చేతి పనిలోనే. జోరుగా కలిపితే గాలి రెజిన్‌లోకి పోతుంది. ముక్కు, చెవి మడతల్లో మ్యాట్ సరిగా అంటకపోతే గాలి కిందే ఉండిపోతుంది. మెల్లగా కలపడం, మ్యాట్‌ను చిన్న ముక్కలుగా చింపి వేయడం, ప్రతి పొరనూ బ్రష్షుతో పొడిచి రోలర్‌తో నొక్కడం దీనికి మందు.

సిలికాన్ అచ్చుల్లో చిన్న బొమ్మలు పోసే పాలీయురెథేన్ సంగతి వేరు. దాని రెండు పాళ్లలో ఒకటి ఐసోసయనేట్. దానికి నీటి తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, పోత నురగెత్తుతుంది. అందుకే వానాకాలంలో డబ్బా మూత తెరిచి ఉంచకూడదు. అచ్చు, గిన్నె, కలిపే పుల్ల పొడిగా ఉండాలి. అచ్చులో టాల్కం పొడి పలచగా చల్లి, ఒక మూల నుంచి సన్నని ధారగా పోస్తే గాలి పైకి తప్పుకుంటుంది.

గట్టిపడకపోవడం రెండో బెడద. పాలియెస్టర్ రెజిన్ కిలోకు హార్డెనర్ సాధారణంగా 10 నుంచి 20 గ్రాములు. తగ్గితే జిగట వదలదు. పెరిగితే వేడెక్కి పగులుతుంది. గట్టిపడే వేగం పెంచే కోబాల్ట్‌ను ముందే రెజిన్‌లో కలపాలి. దాన్నీ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే మంటలు లేస్తాయి, పేలుడుకూ అవకాశం ఉంది. పైకి ఆరినట్టున్న ప్లాస్టర్ అచ్చులో లోపలి తడి కూడా రెజిన్‌ను గట్టిపడనివ్వదు. పాలీయురెథేన్‌లో మచ్చలుగా జిగట మిగిలితే కొలత తప్పిందనో, గిన్నె అంచున అంటుకున్నది కలవలేదనో అర్థం. కలిపినదాన్ని ఇంకో గిన్నెలోకి వంచి మళ్లీ కలిపితే ఆ బెడద ఉండదు. జిగట మీద హార్డెనర్ పూస్తే ప్రయోజనం లేదు. గీకేసి మళ్లీ పోయాల్సిందే. ఈ రసాయనాల ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. సరైన మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

తడి విషయంలో ఈ జాగ్రత్త మన నేలకు కొత్త కాదు. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కర్రను సన్న సెగ మీద ఆరబెట్టి, తడి పోయాకే ఉలి పెడతారు. పదార్థం మారింది గానీ ఆరేదాకా ఆగాలన్న పాఠం అదే.

ఆ ఆగడానికే ఇప్పుడు వ్యవధి కరువవుతోంది. ఆవిష్కరణ తేదీ ముందే ఖరారు చేసుకుని, వానాకాలంలో విగ్రహం ఆర్డరిస్తే, ఆరని అచ్చులోనే పని కానివ్వాల్సి వస్తుంది. ఏడాది తిరిగేలోగా రంగు పొక్కితే నింద శిల్పిది. విగ్రహం పెట్టదలచిన పెద్దలారా, ధర బేరమాడండి. గడువు మాత్రం శిల్పినే చెప్పనివ్వండి.