కొలచల వారి టీక

మెదక్ జిల్లా కుల్చారం పేరు చెబితే సంస్కృతం చదివినవాళ్లకు గుర్తొచ్చేది కొలచల అనే ఇంటిపేరు. రఘువంశాన్ని, కుమారసంభవాన్ని, మేఘదూతాన్ని శతాబ్దాలుగా దేశమంతా ఎవరి టీకతో చదువుతోందో, ఆ కొలచల మల్లినాథసూరిది ఈ ఊరేనని పండితుల మాట. 14, 15 శతాబ్దాల నాటివాడు.

వ్యాఖ్యాత అంటే కవి వెనకాల నడిచేవాడన్న చిన్నచూపు మనలో ఉంది. మల్లినాథుణ్ణి నాలుగు పుటలు చదివితే అది పోతుంది. రఘువంశం మొదటి శ్లోకమే చూడండి. పార్వతీ పరమేశ్వరుల్ని కవి కాళిదాసు 'పితరౌ' అన్నాడు. తెలియనివాడు ఇద్దరు తండ్రులు అనుకోవచ్చు. మల్లినాథుడు అక్కడ ఆగి, తల్లీ తండ్రీ కలిస్తేనే ఆ రూపం వస్తుందని చెప్పి, రెండు మాటల్లో ఒకటే మిగిలే ఈ ఏకశేషానికి పాణిని సూత్రం చూపి, ఆపైన అమరకోశాన్ని సాక్ష్యం నిలబెడతాడు. ఒక్క మాటకు ఇంత పూచీ!

ఆయన పద్ధతికి అన్వయమే వెన్నెముక. ఛందస్సు కోసం చెదిరిన మాటల్ని వచన క్రమంలో పేర్చుకుంటూ, ఆ వరుసలోనే అర్థం, వ్యాకరణం, అలంకారం చెప్పుకుపోతాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. చెడు వ్యాఖ్యల విషానికి మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును బతికించాలని తన టీకకు సంజీవని అని పేరు పెట్టాడు. భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు కూడా ఆయనవే.

ఒకచోట మాత్రం ఆ మాట సడలిందనిపిస్తుంది. మేఘదూతంలో దిఙ్నాగులంటే దిక్కుల ఏనుగులు. ఆ పేరుగల పండితుడు కాళిదాసుకు ప్రత్యర్థి అనీ, నిచులుడనేవాడు మిత్రుడనీ ఆయన మరో అర్థం తీశాడు. కాళిదాసు కాలం తేల్చడానికి చరిత్రకారులు దీన్ని పట్టుకుని ఎంతో వాదించారు. నా మటుకు అది చాలిన సాక్ష్యం కాదు.

ఫ్రాన్సులోని త్రోయ్ పట్టణంలో రాషీ (1040–1105) అనే పండితుడు యూదుల ధర్మగ్రంథాలైన తోరాకు, తల్మూదుకు మల్లినాథుడు కాళిదాసుకు చేసినట్టి సేవే చేశాడు. కష్టమైన మాట పక్కన తన ఊళ్లో వాడే ఫ్రెంచి మాటను హీబ్రూ లిపిలో రాసేవాడు. నాటి ఫ్రెంచి ఎలా ఉండేదో భాషావేత్తలు ఇప్పుడు అక్కడ వెతుక్కుంటున్నారు. 1520లలో వెనిస్‌లో దానియేల్ బాంబర్గ్ అచ్చువేసిన తల్మూదు పుటలో మూలం నడుమ, రాషీ ఒక పక్క, తర్వాతివారి చర్చ మరో పక్క ఉంటాయి. ఆ చర్చ చేసినవారిలో రాషీ మనవలూ ఉన్నారు. ఇక్కడా అంతే: విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి రత్నాపణమనే వ్యాఖ్య రాసినవాడు మల్లినాథుడి కొడుకు కుమారస్వామి.

ఇలాంటి వ్యాఖ్యల ప్రతుల్ని కాపాడే పనీ చిన్నది కాదు. విశ్వవిద్యాలయాల్లో యూదు గ్రంథాలు చూసే గ్రంథపాలకుల చేతికి ఒక చిరిగిన పుట వస్తే, అది ఏ వ్యాఖ్యలోది, ఏ పాఠం, ఎవరి చేతిరాత అని తేల్చడంలో ఎంతో శ్రమ పడతారు. చెన్నై, తంజావూరు, తిరుపతి, హైదరాబాదుల్లోని మన లిఖిత గ్రంథాలయాల్లోనూ చేయవలసిన పని ఇదే. గ్రంథపాలకుణ్ణి పుస్తకాలు అందించే ఉద్యోగిగా కాక పరిశోధకుడిగా చూస్తేనే ఆ పని జరుగుతుంది.

మీ ఇంటి అటక మీద తాటాకు కట్టలో, తెలుగు లిపిలో అచ్చయిన పాత టీకలో ఉంటే దయచేసి తూకానికి వేయకండి. చివరి ఆకులో రాసినవాడి పేరు, ఊరు, సంవత్సరం ఉన్నాయేమో చూసి, దగ్గరలోని లిఖిత గ్రంథాలయానికి తెలియజేయండి.